మేస్త్రి ఉండే ఇల్లు

సాయంత్రం ఐదు దాటిందంటే పెరట్లో పొయ్యి రాజేసి కాగు పెట్టేదాన్ని. మా ఆయన పని నుంచి వచ్చేసరికి నీళ్లు కాగి ఉండాలి. స్నానం తర్వాత సంగతి, ముందు చేతులు. సిమెంటు తిన్న చేతులు అవి. గోళ్ల మొదట్లో, వేళ్ల సందుల్లో తెల్లగా పేరుకున్నదాన్ని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తటి పాతగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె రాసేదాన్ని. ఇరవై రెండేళ్లు అదే పని. ఇప్పుడు ఆ వేళకు పొయ్యి రాజెయ్యను. నా ఒక్కదానికి చన్నీళ్లు చాలు. ఆయన పోయి పదహారు నెలలు.

మొదట్లో ఆ వేళకు పక్కింటి సుల్తానాబీ వచ్చి నాతో మెట్టు మీద కూర్చునేది. మాట్లాడేది కాదు, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చునేది. రెండు నెలలుగా ఆమె కూడా రావడం లేదు. ఎందుకు రావడం లేదో చెప్పాలంటే మా ఆయన సంగతి మొదటినుంచీ చెప్పాలి.

ఆయన పేరు కురుమూర్తి. పుట్టింది తుంగభద్ర ఒడ్డున రాజోలిలో. నలుగురు అన్నదమ్ములకు కలిపి రెండెకరాల చేను. పదిహేనో ఏట రాయచూరు వైపు కాలువ పనికి పోయే గుంపులో కలిసి వెళ్లిపోయాడు. కొన్నేళ్లు మట్టి మోశాడు. ఆ తర్వాత ఒక కన్నడ మేస్త్రి దగ్గర తాపీ పట్టాడు. ఆ అలవాటు కొద్దీ అవును అనడానికి చివరిదాకా "హౌదు" అనేవాడు. పెళ్లయిన కొత్తలో నాకు నవ్వు ఆగేది కాదు. కూర బాగుందా అంటే హౌదు. ఉప్పు ఎక్కువైందా అంటే అదీ హౌదే.

మాట తక్కువ మనిషి. అబద్ధం ఆడే అవసరమే రానంత తక్కువ మాట్లాడేవాడు. ఇటుక చేతికిస్తే ముందు దాన్ని ఇంకో ఇటుకతో తట్టి వినేవాడు. కంగుమంటే గోడలోకి, డొల్లగా మోగితే పక్కకి. బజారులో కుండ కొన్నా అంతే, కొబ్బరికాయ కొన్నా అంతే. అట్లా ఒకసారి మా పెళ్లిచూపులనాడు నన్ను కూడా తట్టి చూసుంటావని ఎగతాళి చేస్తే, చాలాసేపు ఆలోచించి, లేదు, నీ నవ్వు విన్న, చాలు అనుకున్న అన్నాడు. ఆయన నాతో అన్న పెద్ద మాట అదొక్కటే.

మాకు పిల్లలు లేరు. గద్వాల కోట వెనక ఒక్క గది అద్దెకు తీసుకుని పద్నాలుగేళ్లు ఉన్నాం. ఊరినిండా ఆయన కట్టిన గోడలే, మాకని ఒక్క గోడ లేదు. అది నాకు బాధగానే ఉండేది గానీ ఎప్పుడూ అనలేదు. అన్నా హౌదు అనేవాడు, అంతేగా.

చంద్రశేఖర్ సారు మా ఇంటికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఆయన రాయచూరు రోడ్డు పక్క ఒక చేను కొని, పద్నాలుగు ఇండ్లు కట్టి అమ్మాలని చూస్తున్నాడు. పని మొత్తం మా ఆయనకే ఇస్తానన్నాడు. అంతేకాదు, ముందు వరసలో మొదటి ఇల్లు మాకే, కూలిలో కోసుకుంటూ ఇస్తానన్నాడు. ఒకటే షరతు. అందరికంటే ముందు మేమే వెళ్లి అందులో ఉండాలి. అది షరతు ఎట్లా అవుతుందో నాకు అర్థం కాలేదు. దేవుడు అడిగి ఇచ్చినట్టు అనిపించింది.

2003 వైశాఖంలో పాలు పొంగించాం. చుట్టూ ఇంకా పునాదులు, ఇసుక కుప్పలు. సారు ఇండ్లు చూడటానికి ఎవరిని తీసుకొచ్చినా నేరుగా మా ఇంటికే తెచ్చేవాడు. మేస్త్రి ఉండే ఇల్లు ఇది, కట్టినోడే కాపురం ఉంటుండు, ఇంకేం అనుమానం అనేవాడు. నేను చాయ్ పెట్టేదాన్ని. ఎన్ని గిన్నెల చాయ్ పెట్టానో. వచ్చినవాళ్లు గోడలు తట్టి చూసి, మా ఆయన ముఖం చూసి, చాయ్ తాగి పోయేవాళ్లు. పోయినవాళ్లు బయానా డబ్బులు తీసుకుని తిరిగొచ్చేవాళ్లు.

సారు రంగు కాగితం ఒకటి అచ్చు వేయించాడు. ఇంటి బొమ్మ, కింద వరసగా ఏమేం ఇస్తారో రాసి ఉంది. ప్రతి ఇంటికీ పునాది మీద కాంక్రీటు బెల్టు అని కూడా ఉంది. పునాది అయిపోయి గోడ మొదలయ్యే చోట ఇంటి చుట్టూ ఇనుప సలాకలు కట్టి పోసే కాంక్రీటు పట్టీని మేస్త్రీలు బెల్టు అంటారు. మా దగ్గర నల్లరేగడి ఎక్కువ. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని బీటలిస్తుంది. పట్టి ఉంచే బెల్టు లేకపోతే పైన గోడ దాంతోపాటే కదులుతుంది. ఇవన్నీ నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు ఆ కాగితాన్ని పప్పు డబ్బా కింద పరుచుకున్నాను.

గులాం రసూల్ భాయ్ బస్సు కండక్టరు. భార్య సుల్తానాబీని వెంటబెట్టుకుని మూడుసార్లు వచ్చి చూశాడు. మూడోసారి సారు లేడు. మా ఆయన గుమ్మంలో కూర్చుని తాపీకి పిడి బిగించుకుంటున్నాడు. రసూల్ భాయ్ ఎదురుగా గొంతుక్కూర్చుని, నా ఇరవై ఏండ్ల కష్టం మేస్త్రీ, నువ్వు కట్టినోనివి, దేవుణ్ణి తలుచుకుని చెప్పు, ఇల్లు మంచిదేనా అని అడిగాడు. నేను చాయ్ గిన్నెతో అక్కడే ఉన్నాను.

మా ఆయన తాపీ మీద నుంచి చూపు ఎత్తలేదు. పిడి బిగిస్తూనే అన్నాడు.

"నేను గూడ ఈడనే ఉంటున్న గద, రసూల్ భాయ్."

రసూల్ భాయ్ ముఖం విప్పారింది. ఇక అడిగేదేమీ లేదన్నట్టు చాయ్ అందుకున్నాడు. నెలలోగా వాళ్లు మా పక్కింట్లోకి వచ్చారు. ఏడాది తిరిగేసరికి పద్నాలుగు ఇండ్లూ నిండాయి.

ఇండ్లన్నీ నిండిన తర్వాత రెండో వానాకాలం గడిచాక మొదలైంది. ముందు చివరి వరసలో టీచరు జయశ్రీ ఇంట్లో కిటికీ మూల నుంచి సన్నగా ఒక గీత దిగింది. తర్వాత ఇంకో ఇంట్లో. దీపావళి నాటికి పదమూడు ఇండ్లలోనూ గోడలు బీటలు వారాయి. వాళ్ల తలుపులు పట్టేశాయి, గచ్చు ఎగదన్నింది. సుల్తానాబీ ఇంటి వంటగది గోడలో రూపాయి బిళ్ల దూరేంత సందు పడింది. ఆమె దాన్ని కూడా నవ్వులాటకు తెచ్చింది. "జానకక్కా, ఇగ నువ్వు ఏం కూర ఒండినవో నేను అడగనక్కర లేదు. పర్రెలకెల్లి పోపు వాసన నేరుగ నా పొయ్యికాడికే వస్తుంది" అనేది.

మా ఇంట్లో ఒక్క గీత కూడా లేదు.

దాని మీద మాటలు రాకుండా ఎట్లా ఉంటాయి. మేస్త్రి చెయ్యి తన ఇంటికాడనే మంచిగ ఆడింది అని ఒకరు, మేస్త్రిని చూసి భూమి గూడ భయపడ్డది అని ఒకరు. నవ్వుతూనే అనేవాళ్లు. మా ఆయన ఆ నవ్వుల్లో కలిసేవాడు కాదు. అప్పటినుంచి ప్రతి ఐతారం ఆయన తాపీ, తట్ట పట్టుకుని ఏదో ఒక ఇంటికి పోయి పగుళ్లు పూడ్చేవాడు. ఎవరూ పిలవకపోయినా పోయేవాడు. పైసా తీసుకునేవాడు కాదు. పూడ్చిన చోటే నెల తిరక్కుండా మళ్లీ పగిలేది. మళ్లీ పోయేవాడు. వారానికి ఒక్క పూట సెలవు, దాన్నీ వాళ్ల గోడలకే ఇస్తున్నావేందని కసిరితే, చెప్పులు తొడుక్కునేవాడు. నాకు పైకి కోపం గానీ లోపల గొప్పగా ఉండేది. ఇంత మంచి మనిషి నా మొగుడు అనుకునేదాన్ని.

మరుసటి మాఘంలో బస్టాండు దగ్గర ఇంకెవరిదో ఇల్లు కడుతూ, ఛాతీలో నొప్పి అని ఇసుక మీద పడుకున్నాడట. దవాఖానకు చేర్చేలోపే అయిపోయింది. అప్పుడాయనకు నలభై ఆరు. కాలనీ అంతా వచ్చింది. రసూల్ భాయ్ పాడె మోశాడు. సుల్తానాబీ పదకొండు రోజులు మా ఇంటికి అన్నం పంపింది.

ఆ ఏడు డిసెంబరులో వినియోగదారుల దినం అని బళ్లో మీటింగు పెట్టారు. జయశ్రీ టీచరు అక్కడ పంచిన కరపత్రం తెచ్చి కాలనీ అంతా చదివి వినిపించింది. దుకాణంలో సబ్బు కొన్నవాడికి ఎంత హక్కు ఉందో, కట్టిన ఇల్లు కొన్నవాడికీ అంతే హక్కు ఉందట. ఇల్లు కట్టి అమ్మేవాడు రాసిచ్చిన మాట తప్పితే పాలమూరులో ఉన్న వినియోగదారుల ఫోరానికి పోవచ్చు. వకీలు లేకపోయినా సరే, తెల్లకాగితం మీద రాసిస్తే తీసుకుంటారు. నష్టం తెలిసిన రెండేళ్లలోపు పోవాలి. చట్టంలో ఇండ్లు చేరి చాలా ఏళ్లయింది, ఈ మధ్య నియమాలు మార్చి ఇంకా సులువు చేశారు, మనకే ఇన్నాళ్లు తెల్వలేదు అంది టీచరు. అందరి ముఖాలూ వెలిగాయి. సారు అచ్చు వేయించిన రంగు కాగితం ఎవరి దగ్గరన్నా ఉందా అని వెతికితే నా పప్పు డబ్బా కింద దొరికింది. నూనె మరకలు తప్ప అక్షరాలన్నీ ఉన్నాయి. నేనే తీసుకెళ్లి టీచరు చేతికిచ్చాను.

పదమూడు ఇండ్లవాళ్లు సంతకాలు పెట్టారు. మా గోడలకు ఏమీ కాలేదు కనుక నా సంతకం అక్కర్లేదన్నారు.

మొన్న చైత్రంలో సారు తరఫున జవాబు వచ్చింది. సాయంత్రం టీచరు అరుగు మీద అందరూ గుమిగూడారు. నేనూ వెళ్లాను. మంచి కబురే అయి ఉంటుందని కాళ్లు కడుక్కుని మరీ వెళ్లాను. టీచరు చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆగింది. నా వైపు చూసింది. చదువు టీచరమ్మా అన్నారు ఎవరో.

అందులో ఉన్నది ఇది. ప్రతి ఇంటి బెల్టుకూ కావలసిన సలాకలు, సిమెంటు మేము మేస్త్రి కురుమూర్తికి అప్పగించాం. అతడు వాటిని వాడకుండా కాజేశాడు. అతడి సొంత ఇంటికి మాత్రమే బీటలు రాకపోవడమే అందుకు సాక్ష్యం. అతడు చనిపోయాడు కనుక ఏమీ రాబట్టలేం.

ఎవరేమన్నారో తెలియదు. ఒకటే గుర్తుంది. అందరి తలలూ ఒక్కసారి మా ఇంటి గోడ వైపు తిరిగాయి. నా వైపు కాదు, గోడ వైపు. సుల్తానాబీ కూడా. నేను లేచి నడిచి వచ్చేశాను. ఇంట్లోకి వచ్చాక చూసుకుంటే ఒక కాలికి చెప్పు లేదు.

మర్నాటి నుంచి సుల్తానాబీ మెట్టు మీదికి రాలేదు.

కొన్నాళ్లు నాకు ఏం చేస్తున్నానో తెలియలేదు. అన్నం వండి దించడం మరిచిపోయేదాన్ని. దొంగ అనే మాట, ఆయన పేరు పక్కన. ఇటుక డొల్లగా మోగితే పక్కన పెట్టే మనిషి. ఎట్లాగైనా అది అబద్ధమని తేల్చాలి. ఆ రోజుల్లో ఆయన దగ్గర పనిచేసినవాళ్లలో యాదమ్మ ఒక్కతే గద్వాలలో మిగిలింది. ఇరవై ఏళ్లు ఆయన పక్కన సిమెంటు మాలు మోసిన మనిషి, నాకు తల్లి వయసు. జ్యేష్ఠంలో ఒక పొద్దున కోట అవతల ఆమె ఇంటికి పోయాను. నడుము పోయి ఇప్పుడు పనికి పోవడం లేదు, గుమ్మంలో కూర్చుని కూలికి పల్లికాయ ఒలుస్తోంది.

నేను మాట ముగించకముందే ఆమె చేతిలో కాయలు చేటలోకి విసిరింది.

"దొంగనా? సలాకలు ఇచ్చింటే గద కాజేసెడిది. ఒక్క ఇంటికి గూడ ఇయ్యలే బిడ్డా. బెల్టే వద్దన్నడు సారు."

నా గుండె మీది బండ దిగింది. అక్కడే ఆమె పక్కన కూలబడి ఏడ్చాను. ఆయన దొంగ కాదు. ఆ ఒక్క మాట చాలు అనుకున్నాను. లేచి వచ్చేస్తే బాగుండేదేమో. కానీ కళ్లు తుడుచుకుంటూ, మరి మా ఇల్లెందుకు పగలలేదు అని అడిగాను.

యాదమ్మ మళ్లీ కాయలు చేతిలోకి తీసుకుంది. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చింది. పునాదులు లేచిన కొత్తలో మా ఆయన సారుతో గట్టిగానే మాట్లాడాడట. గీ భూమిల బెల్టు లేకుంటె గోడలు నిలువయి సారూ అన్నాడట. నీకు కూలి ఇస్తున్న, ఇల్లు ఇస్తున్న, ఇష్టం లేకుంటె చెప్పు, ఇంకో మేస్త్రి వస్తడు అన్నాడట సారు. మా ఆయన మళ్లీ నోరెత్తలేదు. ఒక ఇటుక తీసుకుని తట్టుకుంటూ కూర్చున్నాడట, పొద్దుగూకేదాకా.

ఆ తర్వాత ఐతారాలు ఐజలో ఒక పాత బంగళా కూలగొట్టే పనికి పోయాడు. అది నాకు తెలుసు, ఐతారాలు కూడా పనేనా అని తగువు పెట్టుకున్నదాన్ని నేనే. కూలికి బదులు ఆ బంగళా కిటికీల ఊసలు తెచ్చుకుని, సిమెంటు సొంత డబ్బుతో కొన్నాడట. వాటితోనే మా ఇంటికి ఒక్కదానికి బెల్టు పోశాడు. సారు ఊళ్లో లేని రెండు రోజుల్లో, ఆయనా యాదమ్మా ఇద్దరే.

"ఎవ్వలకు చెప్పకు యాదక్కా అన్నడు. నేను చెప్పలే. చెప్తె నాకు మాత్రం పని ఉంటదా?"

"తక్కిన ఇండ్లు పగుల్తయని ఆయనకు ఎరికేనా?"

"ఎరుక లేకుంట ఎట్లుంటది బిడ్డా. మేస్త్రి గద."

తిరిగి వస్తుంటే ఎండ మాడ్చేస్తోంది. నాకు చలిగా ఉంది. నేను గూడ ఈడనే ఉంటున్న గద. ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అది అన్న నాటికి మా కింద బెల్టు ఉంది, వాళ్లు కొనబోయే ఇంటి కింద లేదు. ఆయనకు ఆ సంగతి తెలిసి, తాపీ మీద నుంచి తల ఎత్తకుండా అన్నాడు. నేను పక్కన నిలబడి చాయ్ పోశాను. ఆ ఐతారాలు, ఆ పూడ్చిన పగుళ్లు, నేను లోపల్లోపల గర్వపడ్డవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి, అవి వేరే ఎవరో చేసిన పనుల్లా కనిపించాయి. ఇరవై రెండేళ్లు నేను నూనె రాసిన చేతులు ఎవరివి అనిపించింది. దోవలో ఎక్కడో చెట్టు కింద కూర్చున్నాను, ఎంతసేపో తెలియదు.

ఆ వారంలోనే టీచరు వచ్చింది. ఫోరం పంపిన ఇంజనీరు వచ్చే సోమవారం వచ్చి, పగిలిన ఇండ్లలో రెండింటి పునాది తవ్వి చూస్తాడట. మీ ఇంటికాడ గూడ తవ్వనిస్తే రెండూ పోల్చి చూసుకోవచ్చు, పగిలినవాటికి ఏం తక్కువైందో అప్పుడే తేలుతుంది అంది. అడగడానికి ఆమె చాలా ఇబ్బంది పడింది. మీరు ఫిర్యాదులో లేరు గనక కాదంటే ఎవరూ బలవంతం చేయలేరు అని కూడా ఆమే చెప్పింది. ఆలోచించుకుంటానన్నాను.

మంగళవారం చంద్రశేఖర్ సారే వచ్చాడు. పోయిన మనిషి ఫొటోకు దండం పెట్టుకున్నాడు. కుర్చీలో కూర్చుని, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"మీ ఇంటి కింద బెల్టు ఉన్నదని నాకు తెలుసు చెల్లెమ్మా. తవ్వితే ఏం తేల్తది? ఎవ్వరికీ లేని సలాక మేస్త్రి ఇంట్ల ఉన్నదని తేల్తది. జనం ఏమనుకుంటరు? పోయినోని పేరు బజార్ల ఏసుకుంటవా?"

తర్వాత చాలా దయగా ఇంకో మాట చెప్పాడు. బేస్తవారం ట్రాక్టరులో కంకర, సిమెంటు పంపిస్తాడట. ఇంటి చుట్టూ నాలుగడుగుల వెడల్పు గచ్చు పోయిస్తాడట, నా చేతినుంచి ఏమీ పడకుండా. గచ్చు పోశాక దాన్ని పగలగొట్టి తవ్వమని ఏ ఇంజనీరూ అడగడు. ఏమంటావు అన్నాడు. నేనేమీ అనలేదు. అనకపోవడాన్ని ఆయన ఒప్పుకోలు అనుకుని లేచాడు.

ఆ రోజంతా ఇంటి చుట్టూ తిరిగాను. సారు అన్నది నిజమే. తవ్వితే, చూశారా, దొంగే అంటారు. తవ్వకపోతే పదమూడు ఇండ్ల తగువు తేలదు, వాళ్ల గోడలు వాళ్ల మీదే పడతాయి. కానీ యాదమ్మ చెప్పిన కిటికీ ఊసల మాట నన్ను వదల్లేదు. అదే నిజమైతే లోపల ఉన్నది సారు సొమ్ము కాదు. అబద్ధమైతే, అది కూడా నా కళ్లతో నేనే చూడాలి. ఇంజనీరు నోటితో వినలేను.

బుధవారం పొద్దున్నే యాదమ్మను పిలుచుకొచ్చాను. మెట్టుకు ఎడమ పక్క, సుల్తానాబీ ఇంటి వైపు మూల ఎంచుకున్నాను. నల్లరేగడి జ్యేష్ఠంలో రాయి లెక్క ఉంటుంది. గడ్డపార దింపితే ఎగిరి వస్తోంది. కుండెడు నీళ్లు పోసి, నానినంత మేర తీసి, మళ్లీ పోసి, అట్లా తవ్వాను. యాదమ్మ నడుము పట్టుకుని తట్టలో మట్టి పక్కకు పోసింది. ఒకరొకరే వచ్చి దూరంగా నిలబడ్డారు.

మోకాలి లోతులో బెల్టు తగిలింది. మట్టి చేత్తో తుడిచాను. అంచు ఎంత సాఫుగా ఉందంటే, అద్దం చుట్టూ కట్టిన చట్రంలా ఉంది. మట్టి కిందికి పోయేదానికి, ఇక ఎవరూ చూడనిదానికి కూడా ఆయన తాపీతో అంచు తీశాడు. దాన్ని చూడగానే కోపమూ దుఃఖమూ ఒక్కసారే వచ్చాయి. సుత్తి తీసుకుని మూల మీద కొట్టాను. నాలుగైదు దెబ్బలకు పెచ్చు లేచింది.

లోపల నలుచదరపు కిటికీ ఊసలు. వాటి మీద ఆకుపచ్చ రంగు ఇంకా పోలేదు. ఒక ఊస కొసన గొళ్లెం రంధ్రం కూడా ఉంది.

తల ఎత్తితే ఎదురుగా సుల్తానాబీ నిలబడి ఉంది. గుంతలోకి చూసింది, ఊసలు చూసింది. ఆమె తెలివైన మనిషి, విడమరిచి చెప్పక్కర్లేదు.

"అన్నకు ఎరికేనా?" అంది.

"ఎరికే."

"మా ఆయన అడిగిననాడు గూడ?"

ఇక్కడ ఒక్క అబద్ధం ఆడితే ఆమె రేపు మెట్టు మీదికి వస్తుంది. నాకు తెల్వదు అంటే చాలు.

"ఎరికే, సుల్తానా" అన్నాను.

ఆమె ముఖంలో కోపం రాలేదు. వస్తే బాగుండేది. చెంప మీద కొట్టినవాళ్లను తేరిపార చూసినట్టు నన్ను చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి నడిచి, తన ఇంట్లోకి పోయి, పట్టేసే తలుపును రెండు చేతులతో లాగి మూసుకుంది.

మధ్యాహ్నం బడి విడిచాక టీచరు వచ్చి గుంతలోకి దిగి చూసింది. ఊసల మీద రంగును గోటితో గీకి, ఇది కొత్త సలాక కాదని గుడ్డివాళ్లకు కూడా తెలుస్తుందంది. సారు జవాబు ఒక్కసారిగా కూలిపోతుంది, మేస్త్రి మీద నింద పోతుంది అంది. అప్పటికప్పుడు తెల్లకాగితం తీసి, నా మాటగా రాసుకుంటానంది. నాకూ యాదమ్మకూ తెలిసింది మొత్తం చెప్పాను. సలాకలు ఇవ్వలేదని, ఈ ఊసలు ఐజ నుంచి ఆయన కష్టంతో తెచ్చుకున్నవని. బెల్టు లేక తక్కిన ఇండ్లు పగులుతాయని ఆయనకు తెలుసని, తెలిసి కూడా కొనేవాళ్లకు చెప్పలేదని.

టీచరు మొదటి సగం రాసి కలం ఆపింది.

"ఇంతవరకు చాలు జానకమ్మా. దొంగతనం చేయలేదని తేలింది గద. తక్కినది ఎందుకు? అది ఎవరు అడిగిన్రు మిమ్మల్ని?"

ఆమె నా మంచికే అంది. ఆ కాగితంలో సగంతో ఆపేస్తే నా మొగుడు కడిగిన ముత్యంలా మిగులుతాడు. ఆయన ఫొటో లోపలి గదిలో గోడకు ఉంది, గుమ్మంలోంచి కనబడుతోంది. ఆ గోడకు ఒక్క గీత లేదు.

"రసూల్ భాయ్ అడిగిండు" అన్నాను. "నాలుగేండ్ల కిందట."

టీచరు కలం మళ్లీ కాగితం మీద పెట్టింది. రెండో సగం కూడా రాసింది. నాకు వినిపించింది. నాలుగో తరగతి దాకా చదివినదాన్ని, కాగితం తీసుకుని నా అంతట నేను కూడా కూడబలుక్కుని చదువుకున్నాను. కురుమూర్తి అన్నచోట వేలు ఆగింది. సంతకం పెట్టాను. యాదమ్మ వేలిముద్ర వేసింది.

బేస్తవారం ట్రాక్టరు వచ్చింది. కంకర దించవద్దని చెప్పాను. డ్రైవరుకు అర్థం కాక గుంత వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, సారుకు ఫోను చేసుకుంటూ వెనక్కి తిప్పుకుని పోయాడు. మధ్యాహ్నానికి పడమట మబ్బు పట్టింది. మొదటి వాన వచ్చేట్టుంది. యాదమ్మ పార తీసుకుని గుంత పక్కన నిలబడింది.

"నీళ్లు నిలుస్తే పునాదికి మంచిది గాదు బిడ్డా. మల్లొకసారి తవ్వుకోవచ్చు, జర కప్పి పెడత" అంది. దోవన పోయేవాళ్లంతా వంగి చూసి పోతున్నారు, అదొక బాధ అని కూడా అంది. రసూల్ భాయ్ డ్యూటీకి పోతూ సంచి భుజాన వేసుకుని అక్కడే ఆగి, పచ్చ ఊసల వైపు చూస్తున్నాడు.

ఇంజనీరు రావడానికి ఇంకా నాలుగు రోజులు. గుంత నా గుమ్మం పక్కనే, బయటికి పోవాలంటే నేను రోజూ దాన్ని దాటుకునే పోవాలి. తవ్విపోసిన నల్లమట్టి కుప్పగా ఉంది, పారతో పది నిమిషాల పని.

యాదమ్మ చేతిలోంచి పార తీసుకుని లోపల తలుపు మూల నిలబెట్టాను.